నూతి నీళ్లూ నెత్తురూ

తాడేపల్లి

చిరంజీవి చిన్నదానికి, అత్త ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. ఆఫీసులో పెట్టిన ఉచిత క్యాంపులో మడమకి జెల్ రాసి, మిషన్ పెట్టి, ఎముకలు పల్చబడ్డాయని చీటీ ఇచ్చారన్నావు. "నానమ్మకి తుంటి విరిగింది, నాకూ అదే రాసిపెట్టి ఉంది, ఒకే పిండం కాబట్టి అక్కకీ తప్పదు" అన్నావు. 27 ఏళ్ల పిల్ల అనాల్సిన మాటేనా అది?

ముందు ఆ చీటీ సంగతి. మడమ మిషన్‌ని నమ్ముకుని జబ్బుందని ఏ డాక్టరూ తేల్చడు. నడుముకీ తుంటికీ డెక్సా స్కాన్ తీయాలి. తీసినా, నెలసరి వస్తున్న వయసులో చూడాల్సింది టీ-స్కోర్ కాదు, జెడ్-స్కోర్. అంటే నీ ఈడు ఆడవాళ్లతో పోలిక. అది మైనస్ 2 కంటే పైన ఉంటే వయసుకి తగ్గట్టు ఉన్నట్టే. పైగా మన ఇంటి ఆడవాళ్లవి సన్న ఎముకలు. సన్న ఎముకకి డెక్సా కూడా కాస్త తక్కువే చూపిస్తుంది.

ఇక రక్తం మాట. మీ నాన్నా నేనూ పుట్టింది కనిగిరి వైపు. మా వీధిలో ఒక ఇంట్లో తండ్రికీ ఇద్దరు కొడుకులకీ నడుములు వంగిపోయాయి, పళ్ల మీద గోధుమరంగు చారలు. వెనక నుంచి పిలిస్తే మెడ తిరిగేది కాదు, ఒళ్లంతా తిప్పి చూసేవాళ్లు. "వాళ్ల వంశమే అంత" అని ఆ ఇంటికి పిల్లనివ్వడానికి వెనకాడేవాళ్లు. వంశం కాదు, వాళ్లు తాగిన నుయ్యి. 1937లోనే షార్ట్ అనే డాక్టరూ తోటివాళ్లూ నెల్లూరు జిల్లా మనుషుల్లో ఫ్లోరైడ్ జబ్బు ఉందని రాశారు. కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఆ జిల్లాలోవే. ఫ్లోరైడ్ ఎక్కిన ఎముక ఎక్స్‌రేలో దిట్టంగా తెల్లగా కనిపిస్తుంది, బలం మాత్రం ఉండదు. ఒక ఇంటివాళ్లు నెత్తురుతో పాటు నీళ్లూ తిండీ పనీ కూడా పంచుకుంటారు. ఏది దేనివల్ల వచ్చిందో చూసి చెప్పడం కష్టం.

అందుకే శాస్త్రవేత్తలు కవలల వెంట పడ్డారు. మీలాంటి జంటకి జన్యువులన్నీ ఒకటే, వేరువేరు పిండాల కవలలకి సగమే కలుస్తాయి, ఇల్లు మాత్రం ఇద్దరికీ ఒకటే. ఈ రెండు రకాల జంటల్నీ కొలిచి పోలిస్తే, ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ ఉండే తేడాల్లో 60 నుంచి 80 శాతం దాకా జన్యువులవేనని చాలా లెక్కల్లో వచ్చింది. నువ్వు బెదిరింది ఆ అంకె చూసే అయ్యుంటుంది. అది జనంలో కనిపించే తేడాల లెక్క, నీ ఒక్కదాని జాతకం కాదు. ఊరంతా ఒకే ఫ్లోరైడ్ నీళ్లు తాగితే ఆ లెక్కలో నుయ్యి కనపడనే కనపడదు!

అలవాట్ల పాలూ ఉంటుంది. మెల్‌బోర్న్‌లో 41 జంటల కవల ఆడవాళ్లని చూశారు, ఒకరు ఎక్కువగా సిగరెట్లు తాగేవాళ్లు, రెండోవాళ్లు తక్కువ లేదా అసలు తాగనివాళ్లు. యుక్తవయసు నుంచీ రోజుకో ప్యాకెట్ తాగితే నెలసరి ఆగేనాటికి సాంద్రత 5 నుంచి 10 శాతం తగ్గుతుందని 1994లో తేల్చారు. స్వీడన్ కవలల మీద 2005లో వచ్చిన లెక్క నాకు ఇంకా నచ్చింది. 69 ఏళ్ల లోపు తుంటి విరిగితే జన్యువుల పాలు ఎక్కువ, 79 దాటాక దాదాపు లేనట్టే. మా అమ్మ 82 ఏళ్ల వయసులో పడింది. తడి బండ, కంట్లో శుక్లం, పట్టుకోవడానికి గోడకి కమ్మీ లేదు. తడి బండా, కమ్మీ లేని గోడా నీకు వారసత్వంగా రావు.

అలాగని అక్క బాగుందనీ అనుకోకు. కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ రోజంతా ఎండలోనే ఉంటుంది, కానీ ఘాటుకి మొహానికి గుడ్డ చుట్టి, మీ బావ పొడుగు చేతుల చొక్కా తొడుక్కుంటుంది. ఒంటికి ఎండ తగిలేదెక్కడ? పాలు ముట్టదు. తిరుపతి స్విమ్స్ వాళ్లు 2007లో రాసింది ఇలాంటి సంగతే. పట్నం వాళ్లకంటే పొలం పనివాళ్లకి విటమిన్ డి మెరుగు, అయినా చాలామందికి చాలినంత లేదు, క్యాల్షియం ఇద్దరికీ తక్కువే. అక్క మూటలు మోస్తుంది కాబట్టి ఆ బరువు ఎముకకి మేలు చేస్తుంది. నువ్వు మోసేది ల్యాప్‌టాప్.

నన్ను కలవరపెట్టింది నీ మెసేజ్ చివర ఏదో మామూలుగా రాసిన ముక్క. సన్నబడాలని ఒంటిపూట తింటున్నావు, మూడు నెలలుగా నెలసరి రాలేదు. తిండి చాలక నెలసరి ఆగితే ఈస్ట్రోజన్ పడిపోతుంది, ఎముక కరుగుతుంది. ఈ వారమే ఎండోక్రైనాలజిస్టుకి చూపించుకో, ఏదీ దాచకుండా చెప్పు. ఈలోగా ఆ ఒంటిపూట డైటింగ్ ఆపు. రోజుకి 1000 మిల్లీగ్రాముల క్యాల్షియం కావాలి. 100 గ్రాముల రాగుల్లో 350 దాకా వస్తుంది, గ్లాసు పాలలో 240. లిఫ్టు మాని మెట్లెక్కు. ఎవరో చెప్పారని అరవై వేల యూనిట్ల డి పొట్లాలు వారం వారం మింగకు, రక్తపరీక్ష చేయించి డాక్టరు చెప్పినన్నాళ్లే.

సంక్రాంతికి వచ్చినప్పుడు అక్కని కూడా మంగళగిరి ఎయిమ్స్‌కి లాక్కెళ్దాం. ఒకరి రిపోర్టుతో ఇద్దరికీ మందులు కొనుక్కునే తెలివి మాత్రం చూపించకండి. ఇంకొకటి, బాత్‌రూములో కమ్మీ బిగించడానికి మీ నాన్న ఇంకా మేస్త్రీని పిలవలేదు. నా మాట వినడు, నువ్వు ఫోన్ చేసి గదమాయించు.

మీ అత్త