మోకాలు ‘టక్’ మంది, ఇక ఆట అయిపోయినట్టేనా?

(జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పాఠకుల సందేహాలకు క్రీడాగాయాల నిపుణుడి సమాధానాలు)

ప్రశ్న: కానిస్టేబుల్ ఈవెంట్స్ కోసం రోజూ పొద్దున్నే ధర్మపురి రోడ్డు మీద పరుగెత్తుతున్నాను. 2022 నోటిఫికేషన్ ప్రకారం 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో పూర్తిచేయాలి. రెండు వారాలుగా మోకాలికీ చీలమండకూ మధ్య ఎముక నొప్పి పెడుతోంది. ఆపితే ఉద్యోగం పోతుందని భయం, ఆపకపోతే కాలు పోతుందని భయం.
– 23 ఏళ్ల అభ్యర్థి, జగిత్యాల

జవాబు: కాలు ఎక్కడికీ పోదు. అలవాటు లేని పరుగుకు ఎముకను అంటిపెట్టుకున్న పొర, కండరాలు ఇలా మొరాయించడం మామూలే; దీన్ని షిన్ స్ప్లింట్స్ అంటాం. ఎముక వెంబడి వేలితో నొక్కి చూసుకోండి. జానెడు మేర అంతటా నొప్పి ఉంటే రెండు మూడు వారాలు పరుగు సగానికి తగ్గించి, తారురోడ్డు వదిలి మట్టినేల మీదికి మారండి. సైకిలు తొక్కుతుంటే దమ్ము తగ్గదు. అలా కాకుండా రూపాయి బిళ్లంత ఒక్క చోటే విపరీతంగా నొప్పి ఉండి, రాత్రి పడుకున్నా సలుపుతుంటే ఎముకలో సన్నని పగులు, అంటే స్ట్రెస్ ఫ్రాక్చర్ కావచ్చు. అది మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. కాబట్టి ఎక్స్‌రే బాగుందని మళ్లీ పరుగు మొదలుపెట్టకండి. 2022 ఆగస్టులో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ స్వర్ణం గెలిచిన పీవీ సింధుకు ఎడమ కాలిలో ఇలాంటి పగులే బయటపడింది. ఆమె అదే నెలలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్‌ను వదులుకుని, 2023 జనవరిలో మళ్లీ కోర్టులో దిగారు.

ప్రశ్న: మా బాబుకు 13 ఏళ్లు. బడిలో కబడ్డీ, ఖోఖో ఆడతాడు. మోకాలి చిప్ప కింద బొక్క ముందుకు వచ్చినట్టు గడ్డ తేలింది, ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. ఫోన్లో చూస్తే క్యాన్సర్ అని వచ్చింది. నేను బీడీలు చేస్తాను. వారం నుంచి చేతులు ఆడట్లేదు.
– ఒక తల్లి, కోరుట్ల

జవాబు: అమ్మా, ముందు స్థిమితపడండి. ఆటలాడే పిల్లలు ఒక్కసారిగా ఎత్తు పెరిగే వయసులో తొడ కండరం ఆ చోట ఇంకా గట్టిపడని ఎముకను లాగడం వల్ల వచ్చే గడ్డ ఇది. ఓస్‌గుడ్-ష్లాటర్ అనే పెద్ద పేరున్నా క్యాన్సర్‌తో దీనికి సంబంధం లేదు. ఏడాది రెండేళ్లలో, లేదంటే ఎదుగుదల ఆగాక నొప్పి పోతుంది, గడ్డ మాత్రం కొద్దిగా మిగలవచ్చు. నొప్పి ఎక్కువున్న రోజు ఆట ఆపించి ఐసు పెట్టండి. తైలంతో మాత్రం రుద్దించకండి. ఆడకపోయినా వాపు పెరుగుతుంటే, నొప్పికి రాత్రి నిద్రలోంచి లేస్తుంటే, జ్వరం ఉన్నా, బరువు తగ్గుతున్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి.

ప్రశ్న: సంక్రాంతి కబడ్డీ పోటీల్లో కూతకు వెళ్లి వెనక్కి తిరుగుతుంటే మోకాలు ‘టక్’ మంది. రెండు గంటల్లో బాగా వాచింది. నెల రోజులు నాటుకట్టులో ఉన్నాను. ఇప్పుడు నడుస్తున్నా, మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్నట్టుంది. ఆపరేషన్ అయితే ఇక ఆట అయిపోయినట్టేనని అంటున్నారు.
– 22 ఏళ్ల కబడ్డీ ఆటగాడు, కోరుట్ల

జవాబు: అయిపోలేదు, తమ్ముడూ. శబ్దం, గంటల్లోనే వాపు, ఇప్పుడు ఈ జారడం మూడూ కలిశాయంటే మోకాలి లోపల రెండు ఎముకలనూ పట్టి ఉంచే లిగమెంట్, ఏసీఎల్, తెగిందని మేం మొదట అనుమానిస్తాం. కబడ్డీ ఆడేవాళ్లలో ఇది తరచూ చూస్తాం. కట్టు కట్టించుకున్నందుకు మిమ్మల్ని తప్పుపట్టను. అయితే పూర్తిగా తెగిన ఏసీఎల్ కట్టుతో అతుక్కోవడం అరుదు, పైగా కదలిక లేక తొడ కండరం సన్నబడుతుంది. ఎముకల డాక్టరు చేత్తో పట్టి చూస్తే చాలావరకు తేలిపోతుంది. పక్కనున్న మెనిస్కస్ కూడా చిరిగిందా అన్నది ఎమ్మారైలో తెలుస్తుంది.

ఆపరేషన్ అందరికీ అక్కర్లేదు. నడక, సైకిలు, వ్యవసాయం పనులు చాలనుకునేవాళ్లు ఫిజియోథెరపీతోనే బాగా నెట్టుకొస్తారు. మీలా కూతకు వెళ్లి గిరుక్కున తిరగాలనుకునేవాళ్లకు మాత్రం సాధారణంగా ఆపరేషనే సూచిస్తాం. తర్వాత బరిలోకి దిగడానికి కనీసం 9 నెలలు పడుతుంది. తొందరపడి ముందే దిగినవాళ్లలో మళ్లీ తెగే ముప్పు ఎక్కువని చూస్తున్నాం. ఊళ్లో తర్వాతి పోటీ ఎప్పుడన్నది మోకాలికి తెలియదు కదా! పుల్లెల గోపీచంద్ మోకాలు 1994లో దెబ్బతిని, ఆపరేషన్లు జరిగాయి. 2001లో ఆయన ఆల్ ఇంగ్లండ్ గెలిచారు, 1980లో ప్రకాశ్ పదుకొణె తర్వాత ఆ టైటిల్ అందుకున్న భారతీయుడు ఆయనే. ‘ఆట అయిపోయింది’ అన్నవాళ్లకు ఈ సంగతి చెప్పండి. జారుతున్న మోకాలితో ఆడుతూ పోతే మాత్రం లోపలి మృదులాస్థి అరిగిపోతుంది. మోకాలు మడతలోనే బిగుసుకుపోయి చాపలేకపోయినా, పిక్క వాచి నొప్పి పెట్టినా అదే రోజు ఆస్పత్రికి వెళ్లండి.

ప్రశ్న: సాంచాల మీద 12 గంటలు నిలబడతాను, ఆదివారం వాలీబాల్ ఆడతాను. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో సూదులు గుచ్చినట్టుంది. ఎక్స్‌రేలో ఎముక పెరిగిందన్నారు. కోసి తీసేయాలా?
– 44 ఏళ్ల కార్మికుడు, సిరిసిల్ల

జవాబు: కోయక్కర్లేదు. ఆ పెరిగిన ఎముక ఏ నొప్పీ లేనివాళ్లకూ చాలామందికి ఉంటుంది. మీ బాధ అరికాలి కింది పట్టీది, ప్లాంటార్ ఫేషియైటిస్. మంచం దిగేముందు తువ్వాలతో పాదాన్ని మీవైపు లాగి అర నిమిషం పట్టుకోండి, షెడ్డులో వట్టికాళ్లతో నిలబడకుండా మెత్తని చెప్పులు వేసుకోండి. నెలలు పట్టినా చాలామందికి తగ్గిపోతుంది. ఆడుతుండగా మడమ వెనక ఎవరో తన్నినట్టు అనిపించి, ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే అది వేరే గాయం, అదే రోజు చూపించాలి. షుగరు ఉండి పాదం మొద్దుబారినా ఆగవద్దు.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్లు. గురుకులంలో పరుగుపందెంలో ముందుంటుంది. నాలుగు నెలలుగా నెలసరి రాలేదట. నేను దుబాయిలో ఉన్నాను, ఇంట్లో మా ఆవిడ ఫోన్లో ఏడుస్తోంది.
– ఒక తండ్రి, జగిత్యాల జిల్లా

జవాబు: ఇంట్లో ఎవరూ అమ్మాయిని నిలదీయకుండా చూడండి, మొదటి మందు అదే. కసరత్తుకు తగ్గ తిండి అందకపోతే శరీరం నెలసరిని పక్కనపెడుతుంది. అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ 2014లో దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. కొత్తగా సాధన పెంచినప్పుడు ఒక నెల తప్పడం ఉంటుంది గానీ, వరసగా మూడు నెలలు తప్పితే స్త్రీల డాక్టరుకు చూపించాల్సిందే. ఎందుకంటే దీని దెబ్బ లోలోపల ఎముకల మీద పడుతుంది. రక్తం, థైరాయిడ్ సహా అవసరమైన పరీక్షలు వారు చేస్తారు. పరీక్షించకుండా నెలసరి రప్పించే మాత్రలు కొనివ్వొద్దు. గ్రౌండు నుంచి రాగానే గుడ్డు, అరటిపండు, పల్లిపట్టి అందేట్టు పీఈటీతో మీ ఆవిడను మాట్లాడమనండి.

ప్రశ్న: ఆడుతూ ఆడుతూ కుప్పకూలిన వాళ్ల వీడియోలు చూసి షటిల్ మానేశాను. నాకు 38. మానడం మంచిదేనా?
– సిరిసిల్ల

జవాబు: మానకండి, ఆడనివాళ్ల గుండెకే ముప్పు ఎక్కువ. ఆయాసం, గుండె వేగం ఆగిన కొద్ది నిమిషాల్లో తగ్గుతుంటే మామూలే. ఆడుతూ స్పృహ తప్పడం, ఛాతీ పట్టేయడం, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోవడం – వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఈసీజీ, ఎకో అయ్యేదాకా రాకెట్ పట్టొద్దు. 2021 యూరో ఫుట్‌బాల్‌లో మైదానంలోనే కూలిన డెన్మార్క్ ఆటగాడు ఎరిక్సన్ బతికింది వెంటనే ఛాతీ నొక్కి సీపీఆర్ చేసి, డీఫిబ్రిలేటర్‌తో షాక్ ఇచ్చినందుకే, ఆయన మళ్లీ ఆడారు కూడా. మీ బ్యాచ్ మొత్తం ఆ సీపీఆర్ నేర్చుకోండి, వీడియోలు చూసే సమయం అందుకు సరిపోతుంది.

ప్రశ్న: మే నెలలో పిల్లలకు శిక్షణ శిబిరం పెడుతున్నాం. వడదెబ్బను ఎలా గుర్తుపట్టాలి?
– ఒక పీఈటీ, జగిత్యాల

జవాబు: ముందే అడిగారు, సంతోషం. 45 డిగ్రీలు దాటే మీ జిల్లాలో ఆ నెలలో ఉదయం 8 లోపే ఆట ముగించండి. పిక్కలు పట్టేయడం, తలనొప్పి ఉంటే నీడ, ఓఆర్ఎస్ చాలు. పిల్లవాడు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, స్పృహ తప్పినా వడదెబ్బే అనుకోండి, చెమట పడుతోంది కదా అని ధీమా వద్దు. స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి. బట్టలు వదులు చేసి, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా ఒంటి మీద చల్లటి నీళ్లు పోస్తూనే ఉండండి.