‘ముందు చూడటం’ అంటే ఏమిటి?

ఆ మధ్య తెనాలిలో రేపల్లె రైలెక్కాము. వేమూరు దాటాక ఎదుటి సీట్లోని డిగ్రీ విద్యార్థి ఒకడు సలాం చేసి, సంచిలోంచి ఒక క్రైస్తవ కరపత్రం తీశాడు. దావీదు రాబోయే సంగతిని ముందుగా చూచి మాట్లాడాడని అందులో ఉంది. “మౌలానా సాబ్, దావూద్ అలైహిస్సలాంకు గైబ్ తెలుసా?” అని అడిగాడు.

ప్రశ్న వెనుక సంగతి మాటల్లో బయటపడింది. అతని అన్న కువైట్‌లో ఉన్నాడు. రెండు నెలలుగా ఫోను లేదు. రేపల్లెలో వాళ్ళమ్మ ఫాల్ చూసే ఒకాయనకు డబ్బులిస్తోంది. పైగంబర్లు ముందుగా చూడలేదా, వారి దారిలో మేమూ చూస్తాం అని ఆయన అంటున్నాడట.

మేము తొందరపడ్డాము. గ్రీకు మూలంలోని ఆ మాటకు భవిష్యత్తును చూడటమనే ఒక్కటే అర్థమనీ, దాసునికి గైబ్ జ్ఞానం అంటగట్టడం మనకు సమ్మతం కాదనీ చెప్పి, భట్టిప్రోలు వచ్చేలోగా విషయం ముగించాము. నిజానికి మాకు గ్రీకు రాదు. ఎప్పుడో ఉర్దూలో చదివిన ఒక వాదోపవాదాల పుస్తకమే మా ఆధారం.

తర్వాత బాపట్లలో ఒక వలీమా విందులో ఇదే మాట మళ్ళీ అన్నాము. పక్కన కూర్చున్న పెద్దవయసు పాస్టరు గారు గ్రీకు చదువుకున్నవారు. “మౌలానా గారూ, ఆ మాట కొత్త నిబంధనలో ఉన్నది నాలుగు చోట్లే. నాలుగూ చూశారా?” అని నెమ్మదిగా అడిగారు. చూడలేదు. ఆయనే చూపించారు.

ఆ పదం ‘ప్రోఒరావో’. ‘ప్రో’ అంటే ముందు, ‘హొరావో’ అంటే చూడటం. అపొస్తలుల కార్యములు 2:25లో దావీదు ప్రభువును ఎల్లప్పుడూ తన ముందు చూస్తున్నానంటాడు. ఇక్కడ ముందు అంటే ఎదుట. రేపటి మాటే లేదు. 2:31లో మాత్రం జరగబోయేదాన్ని ముందే చూడటం. అదే పుస్తకం 21:29లో ఎఫెసువాడైన త్రోఫిమును కొందరు అంతకుముందు నగరంలో పౌలుతో చూశారు. బజారులో ఇద్దరిని కలిసి చూసినట్టే, ఇందులో ప్రవక్తృత్వం ఏముంది? పైగా అలా చూసినవారు పౌలు అతన్ని దేవాలయంలోకి తెచ్చాడని తప్పుగా ఊహించుకున్నారు. నాలుగోది గలతీయులకు వ్రాసిన పత్రిక 3:8. అక్కడ ముందుగా చూసింది లేఖనం! గ్రంథానికి కళ్ళుండవు కదా. చూపు దాన్ని పంపినవానిదే.

మన తెలుగు ‘ముందు’ కూడా ఇంతే. ‘ఇంటి ముందు’ అంటే స్థలం, ‘అంతకుముందు’ అంటే గతం, ‘ముందుముందు’ అంటే భవిష్యత్తు. ఉర్దూలో ‘పేష్’ కూడా అంతే. పేష్ ఇమాం వరుసకు ముందు నిలబడతారు, పేష్గీ పనికి ముందు ఇచ్చే డబ్బు, పేష్‌బీనీ ముందుచూపు. రోజూ పేష్ ఇమాం వెనుక నమాజు చేసే మాకు ఇది తట్టకపోవడం సిగ్గుచేటే.

ఇంకొక సంగతి. కరపత్రంలోని మాట 2:31 నుంచి తీసింది. దానికి ముందున్న 30వ వచనం చూస్తే, దేవుడు తనతో ప్రమాణం చేశాడని దావీదుకు తెలుసు, ఆ ఎరుకతోనే మాట్లాడాడు. అంటే ఆ గ్రంథం ప్రకారం కూడా అది సొంత చూపు కాదు, తెలియజేయగా తెలిసింది. ఆ మాట హజ్రత్ ఈసా (అలైహిస్సలాం) మరణించి తిరిగి లేచారన్నదానికి సాక్ష్యమని క్రైస్తవ సోదరులు చదువుతారు. సూరా నిసా 157వ ఆయతు వెలుగులో మనం దాన్ని ఒప్పుకోము. కానీ భేదం అక్కడ ఉంది, పదంలో లేదు. లేనిచోట భేదం వెదికి గెలిచామనుకోవడం ఇల్మ్ కాదు.

మన ధర్మం ఏమంటుంది? అల్లాహ్ తన అగోచర విషయాలను తాను ఎన్నుకున్న సందేశహరునికి తప్ప ఎవరికీ తెలియజేయడని సూరా జిన్ (26, 27) స్పష్టం చేస్తుంది. తెలిపినంతే తెలుస్తుంది. ‘నబీ’ అన్న మాటను ‘నబా’, అంటే వార్త, నుంచి వచ్చిందని చెబుతారు. వార్త ఇంకొకరు పంపితేనే వస్తుంది. ఆ దావూద్ (అలైహిస్సలాం) సంగతే చూడండి. ఇద్దరు వ్యాజ్యగాళ్ళు గోడెక్కి ఆయన ఆరాధనా గదిలోకి వస్తే ఆయన ఉలిక్కిపడ్డారు (సూరా సాద్ 21, 22). జబూర్ పొందిన ప్రవక్తకు గోడ అవతల ఎవరున్నారో తెలియలేదు. మరి రేపల్లెలో కూర్చుని కువైట్ చూస్తాననేవాడి మాటేమిటి? జ్యోతిష్యుని వద్దకెళ్ళి అడిగిన వాని నమాజు నలభై రోజులు స్వీకరించబడదని సహీహ్ ముస్లిం హదీసులో ఉంది.

తప్పు దిద్దుకోవడానికి రేపల్లె వెళ్ళాము. అంతా విని ఆ తల్లి, “మరి తుఫాను సంగతి వాళ్ళు ముందే చెప్పారు కదా హజ్రత్?” అని అడిగింది. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. వాతావరణ శాఖ ముందే హెచ్చరించిన మాట నిజమే. కానీ అది గైబ్ కాదమ్మా, అప్పటికే సముద్రం మీదున్న మేఘాన్ని ఉపగ్రహంతో చూసి, గాలి కొలిచి వేసిన అంచనా అన్నాము. అంచనా తప్పవచ్చు. తప్పితే వాళ్ళే ఒప్పుకుంటారు.

యాఖూబ్ (అలైహిస్సలాం) కూడా కొడుకు జాడ తెలియక ఏడ్చారని గుర్తుచేశాము. ఆయన ఫాల్ చూపించలేదు. వెళ్ళి యూసుఫ్‌ను, అతని తమ్ముణ్ణి వెదకండి, అల్లాహ్ కారుణ్యం పట్ల నిరాశ చెందకండి అని కొడుకులను పంపారు (సూరా యూసుఫ్ 87).

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చిన్నకొడుకును పిలిచి, “అన్న గదిలో బాపట్ల అబ్బాయి ఒకడు ఉండేవాడుగా, వాళ్ళింటికి వెళ్ళి నంబరు అడుగు” అంది. ఆ నంబరు ఎత్తకపోతే కువైట్‌లోని భారత రాయబార కార్యాలయానికి రాయడానికి పాస్‌పోర్టు నకలు వెతకమన్నాము. బీరువాలో అడుగు అరలో దొరికింది.