పాలపళ్ళే కదా అనుకోకు

పొదిలి

చి.ల.సౌ. అమ్మడికి,



నీ ఉత్తరం అందింది. బుజ్జిగాడి పైపళ్ళు గోధుమరంగుకి తిరిగాయని రాస్తూ, "పాలపళ్ళే కదా పెద్దమ్మా, ఎటూ ఊడిపోయేవే" అన్నావు. అది చదివిన దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు. మీ అమ్మకి ఫోన్ చేస్తే అసలు సంగతి చెప్పింది. వాడికి పాల సీసా నోట్లో ఉంటే తప్ప నిద్ర పట్టదట, అందులో పంచదార కూడా పడుతుందట.

కోప్పడుతున్నాననుకోకు తల్లీ. పొద్దంతా ఆఫీసు, ఇంటికొస్తే వంటా వార్పూ. పిల్లాడు కాస్త తొందరగా నిద్రపోతే చాలనిపిస్తుంది. ఆ అలసట నాకు తెలుసు. అయినా ఆ సీసా మాన్పించు.

మేలుకున్నప్పుడు నోట్లో ఊరే లాలాజలం పళ్ళని కడుగుతూ ఉంటుంది. నిద్రలో అది బాగా తగ్గిపోతుంది. అప్పుడు తీపి పాలు పైపళ్ళ చుట్టూ నిలవుంటే నోట్లోని సూక్ష్మజీవులు ఆ తీపిని తిని ఆమ్లం తయారుచేస్తాయి. ఆ ఆమ్లానికి పంటి పైపొర, ఎనామిల్, కరిగిపోతుంది. కిందిపళ్ళని నాలుక కప్పి ఉంచుతుంది కాబట్టి దెబ్బ ముందు పైపళ్ళకే. రేపు పొద్దున వెలుతురులో వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని పై పెదవి ఎత్తి చూడు. చిగురు అంచున సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార ఉన్న పళ్ళుంటే అక్కడ పుచ్చు ఇంకా మొదట్లోనే ఉన్నట్టు, ఆపొచ్చు. గోధుమరంగు తిరిగినవాటిని డాక్టరే చూడాలి.

ఇక ఊడిపోయే పళ్ళంటావా, పాల దవడపళ్ళు పదేళ్ళూ పన్నెండేళ్ళదాకా ఉండాల్సినవి. అవి ముందే పోతే పక్కపళ్ళు ఆ చోటులోకి ఒరుగుతాయి, వచ్చే పన్ను వంకరగా వస్తుంది. చీము పడితే కింద తయారవుతున్న అసలు పంటికీ ముప్పే. ఆరేళ్ళకి వెనకాల మొలిచే పెద్ద దవడపన్ను ఇప్పుడే, వాడి రెండున్నరేళ్ళ వయసులోనే, చిగురులోపల గట్టిపడుతోంది. ఇవాళ వాడు తినే తిండే దానికి ఆధారం.

పంచదార మానేసి బెల్లం వేస్తానన్నావు. వద్దు. బెల్లమైనా, తేనె అయినా, పటికబెల్లమైనా పంటికి ఒకటే. మా నాయనమ్మ బెల్లం కుండని ఉట్టి మీద పెట్టేది. నేను రోలెక్కి అందుకోబోయి కింద పడి, మోకాలు చీరుకుపోతే మీ అమ్మ నాకంటే ఎక్కువ ఏడ్చింది. నాయనమ్మ పసుపు పెట్టి, కళ్ళు తుడిచి, అన్నం తిన్నాక మా ఇద్దరికీ చెరో చిమ్మిలి ఉండ ఇచ్చింది. ఆవిడ దగ్గర తీపికి కొదవ లేదు. కానీ అన్నంతోనో, అన్నం తిన్న వెంటనేనో తినాలి, ఆ తర్వాత నోరు పుక్కిలించాలి. పక్క ఎక్కాక మాత్రం ఏమీ పెట్టేది కాదు.

నాయనమ్మ పద్ధతే మేలనడానికి రుజువుంది. 1940లలో స్వీడన్‌లోని విపెహోల్మ్ ఆసుపత్రిలో మానసిక వైకల్యం ఉన్నవాళ్ళకి ఏళ్ళ తరబడి రకరకాలుగా తీపి పెట్టి చూశారు. నోరులేనివాళ్ళ పళ్ళు పుచ్చిపోతుంటే లెక్కలు రాసుకోవడం ఘోరం, ఆ పనిని నేను ఎన్నటికీ ఒప్పుకోను. అక్కడ తేలింది మాత్రం ఇది. భోజనంతో పాటు తీపి తిన్నవాళ్ళకి పెద్దగా పుచ్చలేదు. మధ్యమధ్యలో పంటికి అంటుకునే టాఫీలు తిన్నవాళ్ళకి విపరీతంగా పుచ్చాయి. వాడి చేతికి గంటగంటకీ బిస్కట్ ఇవ్వకు. అది మెత్తటి పిండై దవడపళ్ళ సందుల్లో కూర్చుంటుంది.

నీళ్ళ సంగతీ అడిగావు. మన పొదిలి ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో, 1937లోనే, ఇక్కడి నీళ్ళలో ఫ్లోరైడ్ తెచ్చే జబ్బు గురించి వైద్యులు రాశారు. నా బడిలో పిల్లలు పాఠం అప్పజెప్పడానికి లేస్తే పళ్ళమీద అడ్డంగా గోధుమరంగు పట్టీలు కనిపించేవి. ఒక ఆడపిల్ల నవ్వొస్తే పలక అడ్డం పెట్టుకునేది. అది పుచ్చు కాదు, పన్ను తయారయ్యే వయసులో తాగిన బోరు నీళ్ళ మచ్చ. సెలవులకి వచ్చినప్పుడు మా బోరు నీళ్ళు వాడికి పట్టకు, మంచినీళ్ళు నేను తెప్పిస్తాను. అలాగని ఫ్లోరైడ్ పేస్టు మానకు. మూడేళ్ళదాకా బియ్యపు గింజంత, ఆ తర్వాత బఠానీ గింజంత చాలు. రాత్రి నువ్వే తోము.

తిండి విషయంలో నీకు బెంగ అక్కర్లేదు. నూరు గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది, అదే తూకం పాలలో 120 దాకా. పొద్దున రాగిజావ మజ్జిగతో ఇవ్వు, అన్నంలో నువ్వులపొడి కలుపు. పెరుగు, గుడ్డు, పప్పు, మునగాకు ఎటూ ఉన్నవే. కాసేపు ఎండలో ఆడనివ్వు, విటమిన్ డి లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. చిగుళ్ళకి విటమిన్ సి కావాలి. జామకాయలో అది కమలాపండు కంటే నాలుగింతలు. గింజలు తీసి పల్చగా తరిగిపెట్టు, గొంతుకి అడ్డం పడకుండా.

మళ్ళీ సీసా దగ్గరికే వస్తున్నా, విసుక్కోకు. ఒక్కసారిగా లాక్కోకు, బెదిరిపోతాడు. ముందు పంచదార తగ్గిస్తూ మానిపించు. తర్వాత పాలలో రోజురోజుకీ నీళ్ళు పెంచుతూ పో, చివరికి వట్టి నీళ్ళే మిగలాలి. పాలు అన్నం వేళ గ్లాసుతో తాగించు, ఆ తర్వాత పళ్ళు తోమి, పక్కన పడుకుని కథ చెప్పు. నాలుగు రోజులు ఏడుస్తాడు. నువ్వూ ఏడుస్తావు, నాకు తెలుసు, నీది చిన్నప్పట్నుంచీ వెన్నలాంటి మనసు. ఆ రాత్రులు నాకు ఫోన్ చెయ్యి, ఎంత పొద్దుపోయినా సరే.

పళ్ళ డాక్టరుకి ఈ వారంలోనే చూపించు. ఏమన్నారో, ఏ పళ్ళకి ఏం చేశారో వివరంగా రాయి. అల్లుడుగారిని అడిగానని చెప్పు.

మీ పెద్దమ్మ