పట్టుదల గల తల్లి: మార్గరీతమ్మ జీవితం నేర్పే పాఠాలు



నవంబరు మాసాన్ని తల్లి శ్రీసభ మృతుల స్మరణకు కేటాయించింది. 2వ తేదీన, ఆత్మల పండుగనాడు, మనమందరం సమాధుల తోటకు వెళతాం. కలుపు పీకి, సమాధులకు సున్నం వేసి, పూలమాలలు ఉంచి, కొవ్వొత్తులు వెలిగిస్తాం. విచారణ గురువులు పవిత్ర జలం చల్లుతారు. అక్కడ ఎక్కువ మంది కంటతడి పెట్టేది తల్లి సమాధి దగ్గరే. "మా అమ్మ గట్టి మనిషి, పట్టిన పట్టు విడిచేది కాదు" అని కొడుకులు, కూతుళ్ళు చెప్పుకుంటారు.

అయితే తల్లిని జ్ఞాపకం చేసుకోవడం అంటే కళ్ళు తుడుచుకుని ఇంటికి రావడమేనా? ఆమె కష్టకాలంలో ఏ నిర్ణయాలు తీసుకుంది, ఎందుకు తీసుకుంది, ఆ ధైర్యం ఆమెకు ఎక్కడిది అని తెలుసుకుని మన పిల్లలకు అందించినప్పుడే ఆ జ్ఞాపకం ఫలిస్తుంది. ఈ వారం అటువంటి ఒక తల్లి జీవితాన్ని ధ్యానిద్దాం. ఆమె పునీత జాన్ బోస్కో గారి తల్లి మార్గరీత ఒక్కియేనా. సలేషియన్ కుటుంబమంతా ఆమెను "మమ్మ మార్గరీత" అని ప్రేమతో పిలుచుకుంటుంది. ఆమె ప్రభువునందు నిద్రించినది కూడా ఈ నవంబరు మాసంలోనే.

1. చదువు లేని జ్ఞాని

మార్గరీతమ్మ 1788 ఏప్రిల్ 1న ఉత్తర ఇటలీలోని పీడ్‌మాంట్ ప్రాంతంలో, కాప్రీలియో అనే పల్లెలో, రైతు కుటుంబంలో పుట్టింది. పుట్టిన రోజుననే జ్ఞానస్నానం పొందింది. ఆమెకు చదవడం, వ్రాయడం రాదు. కాని జ్ఞానోపదేశం, ప్రార్థనలు, సువిశేష కథలు ఆమెకు కంఠతా వచ్చు.

చిన్ననాటి నుండే ఆమెది బెదరని స్వభావం. 1799లో, ఆమెకు పదకొండేళ్ళ వయసులో, ఆస్ట్రియా సైనికుల గుర్రాలు కళ్ళంలో ఎండబెట్టిన మొక్కజొన్నల మీద పడ్డాయట. సైనికులు నవ్వుతూ చూస్తున్నారు. ఆ పిల్ల పంగలకర్ర అందుకుని గుర్రాలను తరిమిందని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి. కష్టపడి పండించిన గింజను కాపాడుకోవడం ఆమెకు ఆ వయసులోనే తెలుసు.

1812లో ఆమె ఫ్రాన్సిస్ బోస్కో అనే రైతును వివాహమాడింది. ఆయన భార్య పోయినవాడు. ఇంట్లో నాలుగేళ్ళ కొడుకు అంతోని, జబ్బు మనిషైన అత్తగారు ఉన్నారు. సవతి కొడుకును, అత్తగారిని ఆమె తనవారిగా స్వీకరించింది. 1813లో జోసెఫ్, 1815 ఆగస్టు 16న జాన్ పుట్టారు.

2. ఇరవై తొమ్మిదేళ్ళకే వైధవ్యం

1817 మే నెలలో ఫ్రాన్సిస్ చెమటతో చల్లని నేలమాళిగలోకి వెళ్ళి జబ్బుపడ్డాడు. ఊపిరితిత్తుల వాపుతో కొద్ది రోజులలోనే చనిపోయాడు. ఆయన వయసు 33 సంవత్సరాలు. జాన్‌కు రెండేళ్ళు కూడా నిండలేదు. నాన్నను విడిచి గదిలోనుండి రానని మారాము చేసిన తనను తల్లి ఏడుస్తూ చేయిపట్టి బయటకు తీసుకువెళ్ళడమే తన జీవితంలో మొట్టమొదటి జ్ఞాపకమని జాన్ బోస్కో గారు తన స్మృతులలో వ్రాసుకున్నారు.

ఆ సంవత్సరమే కరువు వచ్చింది. ధాన్యం కొనుక్కురమ్మని ఒక పొరుగాయనకు డబ్బిచ్చి పంపితే ఆయన ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. డబ్బు పెట్టినా గింజ దొరకడం లేదు. మార్గరీతమ్మ పిల్లలతో కలిసి మోకరించి ప్రార్థించింది. తరువాత లేచి, కొట్టంలో ఉన్న దూడను కోయించి, ఆకలితో ఉన్న ఇంటిల్లిపాదికీ వండిపెట్టింది. పశువు రైతుకు ఎంత ఆస్తియో మన పల్లెలవారికి వేరే చెప్పనక్కరలేదు. ప్రార్థించి ఊరుకోలేదు, ప్రార్థన లేకుండా తొందరపడలేదు. ఆమె విశ్వాసం అటువంటిది.

కొంతకాలానికి మంచి సంబంధం ఒకటి వచ్చింది. పిల్లలను ఒక సంరక్షకునికి అప్పగిస్తే చాలు, ఆయన బాగా చూసుకుంటాడు, ఆమె సుఖంగా బ్రతకవచ్చు అన్నారు. ఆమె ఒప్పుకోలేదు. సంరక్షకుడు ఎంత మంచివాడైనా స్నేహితుడే అవుతాడు, తల్లి కాలేడని ఆమె జవాబు. వితంతువు మరల వివాహమాడడం శ్రీసభ దృష్టిలో తప్పు కాదు. కాని తన పిల్లల నుండి వేరుచేసే సుఖం తనకు అక్కరలేదని ఆమె తేల్చి చెప్పింది.

3. మూల నిలబెట్టిన బెత్తం

తండ్రి లేని ముగ్గురు మగపిల్లలను పెంచడం తేలిక కాదు. ఆ ఇంట్లో ఒక మూల చిన్న బెత్తం ఉండేది. పిల్లలకు అది కనబడుతూనే ఉండేది, కాని ఆమె దానిని వాడిన సందర్భం లేదని చెబుతారు. ఒకసారి జాన్ నూనె పాత్రను పగులగొట్టాడు. తల్లి వచ్చేలోగా ఒక కొమ్మ కోసి, దాని బెరడు మీద నగిషీ చెక్కి, తప్పు ఒప్పుకుంటూ తనే ఆ కర్రను ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె నవ్వి క్షమించింది.

అయితే మెత్తదనం అంటే వదిలివేయడం కాదు. పొలం పని, ఇంటి పని, ఉదయం సాయంకాలం ప్రార్థన, జపమాల, ఇవేవీ తప్పడానికి వీలులేదు. జాన్‌ను మొదటి దివ్యసత్ప్రసాదానికి ఆమె స్వయంగా సిద్ధపరచింది. పాపసంకీర్తనానికి వెంటబెట్టుకుని వెళ్ళింది. నక్షత్రాలను చూపి, వాటిని చేసిన దేవుడు మనలను చూస్తున్నాడని నేర్పింది. బుద్ధి, భక్తి, ప్రేమ అనే మూడింటిపై జాన్ బోస్కో గారు తరువాత తమ విద్యావిధానాన్ని నిర్మించారు. ఆ మూడింటినీ ఆయన మొదట చూచినది తన తల్లి వంటింట్లోనే.

4. కన్నీటితో తీసుకున్న నిర్ణయం

ఈ తల్లి జీవితంలో అన్నీ సాఫీగా సాగలేదు. జాన్‌కు చదువంటే ప్రాణం. పెద్దవాడైన అంతోనికి అది గిట్టేది కాదు. పొలంలో చెమటోడ్చేది తానైతే తమ్ముడు పుస్తకం పట్టుకోవడం ఏమిటని తగవు. అంతోనిని దుర్మార్గుడని కొట్టివేయకూడదు. మూడేళ్ళకు కన్నతల్లిని, తొమ్మిదేళ్ళకు తండ్రిని పోగొట్టుకున్న బిడ్డ అతడు.

తగవులు ముదిరాయి. 1828 ఫిబ్రవరిలో మార్గరీతమ్మ పన్నెండేళ్ళ జాన్‌ను ఇంటి నుండి పంపివేసింది. మోలియా అనే వారి పొలంలో అతడు పాలేరుగా కుదిరి దాదాపు రెండేళ్ళు ఉన్నాడు. చలికాలంలో చిన్నబిడ్డను బయటకు పంపిన తల్లి మనసు ఎంత కుమిలిపోయి ఉంటుంది! సవతి కొడుకును వెళ్ళగొట్టి కన్నకొడుకును ఉంచుకోవడం ఆమెకు సులభమే. ఆమె ఆ పని చేయలేదు. ఇల్లు రెండుగా చీలకుండా తన కడుపుకోతను తాను దిగమింగుకుంది. తరువాత ఆస్తి పంపకం జరిగి, జాన్ చదువుకు దారి తెరుచుకుంది.

ఈ నిర్ణయం సరియైనదేనా అని మనకు అనుమానం రావచ్చు. రావడం మంచిదే. పునీతుల తల్లులు కూడా రెండు బాధలలో ఒకదానిని ఎన్నుకోవలసి వచ్చింది. తన వంశమా పరాయి బిడ్డా అని చూడకుండా, ఎవరికీ అన్యాయం జరగకూడదని ఆమె చూచింది. సవతి పిల్లలున్న మన కుటుంబాలు గమనించవలసిన విషయమిది.

5. కొడుకు గురుపట్టం, తల్లి నిరాపేక్ష

1834లో జాన్ ఫ్రాన్సిస్కన్ మఠంలో చేరాలని తలచాడు. అప్పుడు వారి విచారణ గురువు మార్గరీతమ్మ దగ్గరకు వచ్చి, ముసలితనంలో నీకు ఆధారం కావాలి గదా, మఠంలో చేరవద్దని నీ కొడుక్కి చెప్పమన్నాడు. ఆమె వెంటనే కొడుకు వద్దకు వెళ్ళింది. కాని చెప్పినది వేరు. బాగా ఆలోచించుకో, దేవుని పిలుపు తెలిసిన తరువాత ఎవరినీ చూడకుండా దానినే అనుసరించు, నా సంగతి పట్టించుకోవద్దు అన్నది. తాను పేదగా పుట్టింది, పేదగానే చనిపోతుంది. అతడు గురువై ధనవంతుడైతే మాత్రం అతని గడప తొక్కనని ఖండితంగా చెప్పింది. చివరకు జాన్ ఇతరుల సలహాపై 1835లో కియేరి గురువిద్యాలయంలో చేరాడు. 1841 జూన్ 5న గురుపట్టం పొందాడు.

ఇక్కడ మన మనస్సాక్షిని మనం పరీక్షించుకోవాలి. మన విచారణలలో ఒక ఇంటి బిడ్డ గురువో, కన్యస్త్రీయో అయితే ఊరంతా పండుగ చేసుకుంటాం. చాలా మంచిది. కాని ఆ బిడ్డ ద్వారా తమ్ముడికి ఉద్యోగం, చెల్లెలి పెళ్ళికి డబ్బు, ఇంటికి స్లాబు రావాలని ఆశించే కుటుంబాలు లేవా? బిడ్డను దేవునికిచ్చి, మరల ఒక చేతితో వెనక్కి లాగుకోవడం సమర్పణ అనిపించుకుంటుందా? అవసరంలో ఉన్న తల్లిదండ్రులను చూసుకోవడం అన్నదమ్ములందరి ధర్మం. అది వేరు, బిడ్డ గురుత్వాన్ని ఆదాయంగా చూడడం వేరు.

6. యాభై ఎనిమిదేళ్ళకు కొత్త పిలుపు

1846లో జాన్ బోస్కో గారు టూరిన్ నగరంలో దిక్కులేని బాలుర కొరకు శ్రమించి, చావు దాకా వెళ్ళి బ్రతికారు. తనకు తోడుగా రమ్మని తల్లిని అడిగారు. అప్పటికి ఆమె వయసు 58. సొంత ఇల్లు, జోసెఫ్ పిల్లలైన మనుమలు, పరిచయమైన పొలాలు. అవన్నీ విడిచి ఆమె బయలుదేరింది. నవంబరు 3న తల్లీ కొడుకులు దాదాపు 30 కిలోమీటర్లు నడిచి వెళ్ళారు. ఆయన చేతిలో పూజా గ్రంథం, ఆమె చేతిలో బట్టల బుట్ట.

అక్కడ డబ్బు చాలనప్పుడు ఆమె తన పెళ్ళినాటి నగలు అమ్మింది. పెళ్ళి బట్టలను దేవాలయానికి పూజావస్త్రాలుగా కుట్టింది. 1847 మే నెలలో ఒక రాత్రి వానకు తడిసి ముద్దయిన అనాథ బాలుడు తలుపు తట్టాడు. అంతకుముందు ఆశ్రయమిచ్చినవారు దుప్పట్లతో పారిపోయినప్పటికీ ఆమె ఆ బాలునికి వంటింట్లో పడక అమర్చి, నిద్రకు ముందు నాలుగు మంచి మాటలు చెప్పింది. నేటికీ సలేషియన్ గృహాలలో ప్రతి రాత్రి పిల్లలకు చెప్పే "శుభరాత్రి" సందేశానికి మూలం అదేనని ఆ సభ నమ్మకం. 1854లో టూరిన్‌లో కలరా వచ్చినప్పుడు రోగుల కొరకు దుప్పట్లు, గుడ్డలు, చివరికి పీఠవస్త్రం కూడా ఇచ్చివేసింది.

ఆమె కూడా అలసిపోయింది. ఒకరోజు పిల్లలు యుద్ధం ఆట ఆడుతూ ఆమె పెంచుకున్న కూరగాయల మడిని తొక్కి పాడుచేశారు. ఇక నావల్ల కాదు, మన ఊరికి వెళ్ళిపోతానని ఆమె కొడుకుతో అన్నది. ఆయన ఏమీ అనకుండా గోడ మీది సిలువ స్వరూపాన్ని చూపించారు. ఆమె అర్థం చేసుకుంది. మరల నడుముకు గుడ్డ చుట్టుకుని వంటకు వెళ్ళింది. ఆమె పట్టుదల ఎక్కడి నుండి వచ్చిందో ఇప్పుడు తెలుస్తున్నది గదా! నా మాటే నెగ్గాలనేది మొండితనం. అలసినా దేవుని చిత్తాన్ని విడవననేది దృఢ సంకల్పం.

7. సమాధి లేని తల్లి

1856 నవంబరు 25న, 68వ ఏట, భర్తను తీసుకుపోయిన ఊపిరితిత్తుల వాపుతోనే ఆమె కన్నుమూసింది. అప్పటికి ఆ గృహంలో వందకు పైగా బాలురు ఉన్నారు. వారందరూ అమ్మను పోగొట్టుకున్నవారిలా ఏడ్చారు. పేదలతో పాటు సామాన్య శ్మశానంలో ఆమెను ఉంచారు. పూలు పెట్టడానికి నేడు ఆమె సమాధి లేదు. కాని ఆమె జ్ఞాపకం చెరగలేదు. 1934 ఏప్రిల్ 1న, ఈస్టరు పండుగనాడు, 11వ పయస్ పాపుగారు జాన్ బోస్కో గారికి పునీత పట్టం ఇచ్చారు. అది ఆమె పుట్టిన తేదీ. 2006లో 16వ బెనెడిక్ట్ పాపుగారి కాలంలో శ్రీసభ ఆమెను పూజనీయురాలిగా ప్రకటించింది.

సలేషియన్ గురువులు 1906లో భారతదేశానికి వచ్చారు. విజయవాడలో 1989లో వారు ప్రారంభించిన నవజీవన్ బాలభవన్ రైల్వే స్టేషన్లలో, వీధులలో తిరిగే బిడ్డలకు ఆశ్రయమైంది. ఆ వాన రాత్రి మార్గరీతమ్మ తెరిచిన తలుపు కృష్ణా తీరంలో కూడా తెరుచుకుందన్నమాట.

కుటుంబ ధ్యానానికి

సామెతల గ్రంథం 31వ అధ్యాయం యోగ్యురాలైన గృహిణిని వర్ణిస్తుంది. ఈ వారం ఒక సాయంకాలం జపమాల తరువాత ఆ భాగాన్ని ఇంట్లో అందరూ కలిసి చదవండి. తరువాత ఈ ప్రశ్నలను గూర్చి మాట్లాడుకోండి.

మన అమ్మ, అమ్మమ్మ, నాయనమ్మ తీసుకున్న కష్టమైన నిర్ణయం ఏది? దాని వెనుక కథ మన పిల్లలకు తెలుసా?

మన ఇంట్లో భక్తి, క్రమశిక్షణ, ప్రేమ కలిసి ఉన్నాయా, లేక ఏదో ఒకటే ఉందా?

పల్లెలో ఒంటరిగా ఉన్న తల్లి దగ్గరకు చివరిసారి ఎప్పుడు వెళ్ళాం? ఆమె పోయిన తరువాత కట్టించే పాలరాతి సమాధికన్నా, బ్రతికి ఉండగా ఆమె పక్కన కూర్చుని తిన్న ఒక పూట అన్నం విలువైనది కాదా?

తల్లి బ్రతికి ఉన్నవారు ఈ ఆదివారం ఆమెను దివ్యబలిపూజకు వెంటబెట్టుకుని రండి. తల్లి లేనివారు ఆమె ఆత్మ కొరకు పూజ చెప్పించి, ఆమె పేరున ఒక పేద బిడ్డకు అన్నం పెట్టండి. సిలువ చెంత నిలిచిన మరియతల్లి మన తల్లులందరినీ దీవించునుగాక!