సగము యంత్రమునకు విశ్రాంతి

అమెరికా దేశమున ఎస్.యు.వి. యని పిలువబడు పెద్దబండ్లలో పెక్కింటికి ఎనిమిదేసి సిలిండర్లు కలవు. బరువు నీడ్చుచు కొండ నెక్కునపుడు ఆ ఎనిమిదియు కావలయును. కాని చదునైన బాటపై నిలుకడగా సాగునపుడు 300 అశ్వసామర్థ్యము గల యంత్రమునుండి 20 లేక 30 చాలును. ఖాళీబండికి ఎనిమిది ఎద్దులను పూన్చినట్లే గదా! కొన్నింటిని విప్పివేయరాదా?

స్పార్కు ప్లగ్గుల తీగలు ఊడదీసిన చాలునని కొంద రనుకొందురు. అది పొరపాటు. మంట లేని సిలిండరులోనికి పెట్రోలు వచ్చుచునే యుండును. మండకయే పొగగొట్టమువెంట పోవును. పెట్రోలును కూడ ఆపినను చిక్కు తీరదు. బండి తక్కువ బలముతో నడచునపుడు గాలి వచ్చు దారిని ఒక తలుపు దాదాపు మూసియుంచును. ముక్కుపై తడిగుడ్డ నదిమి ఊపిరి పీల్చినట్లు పిస్టనులు ఆయాసపడును. కొంత పెట్రోలు ఈ ఆయాసమునకే వ్యయమగుచున్నది.

కావున విశ్రమించు సిలిండరులో గాలి వచ్చు వాల్వును, పొగ పోవు వాల్వును రెంటిని మూసియుంచవలయును. లోపల చిక్కిన వాయువు పిస్టను పైకి వచ్చునపుడు అణగి, దిగునపుడు ఆ బలమును చాలవరకు తిరిగి యిచ్చును. స్ప్రింగు చేయుపని యదియే. తక్కిన నాలుగు సిలిండర్లు మొత్తము భారము వహింపవలసి వచ్చుటచే గాలితలుపు విశాలముగ తెరచుకొనును. పొదుపంతయు ఈ తేలికయైన ఊపిరిలోనే కలదు.

1973 అక్టోబరులో అరబ్బు దేశములు చమురు పంపుట నిలిపివేయగా అమెరికాలో పెట్రోలు బంకులకడ బండ్లు బారులు తీరినవి. పిమ్మట పాతయంత్రములకు తగిలించి సగము సిలిండర్లను ఆపు సాధనములు అమ్మకమునకు వచ్చెను. అట్టిదానిని ఆ దేశపు పర్యావరణ పరిరక్షణ సంస్థ పరీక్షించెను. పెట్రోలు కొంత మిగిలినది గాని, పొగలోని విషవాయువులు పెరిగినవి! 1981లో కాడిలాక్ కర్మాగారమే ఎనిమిది, ఆరు, నాలుగు సిలిండర్లతో నడచు యంత్రమును తెచ్చెను. ఆలోచన మంచిదే, నాటి కంప్యూటరునకు అంత చురుకుతనము లేదు. బండి కుదుపులకు విసిగి, చాలమంది యజమానులు తీగ నూడదీయించి ఎనిమిదింటితోనే నడపుకొనిరి.

2005 నాటికి జనరల్ మోటార్స్ వారి ఎస్.యు.వి.లలో ఈ పద్ధతి మరల కనబడెను. వాల్వుల నెత్తు టాపెట్ల లోపలి చిన్న శీలను నూనె ఒత్తిడి జరుపును. వెంటనే టాపెట్టు లోలోపలనే కదలును, వాల్వు కదలదు. మండు వరుసలో ఒకటి విడిచి ఒకటిగా 1, 4, 6, 7 సిలిండర్లు విశ్రమించును గనుక తూకము చెడదు.

దీనిని పాత ఎస్.యు.వి.కి అమర్చుట సాధ్యమా? టాపెట్లను మార్చిన చాలదు. యంత్రపు దిమ్మెలోనే నూనె కాలువలుండవలయును. కంప్యూటరుకు కొత్త ఆజ్ఞలు వ్రాయవలయును. దూరప్రయాణమున నూటికి ఐదారు పాళ్ల పెట్రోలు మిగులవచ్చును. ఆ మిగులుతో అమర్చిన ఖర్చు రాబట్టుటకు ఏండ్లు పట్టును. వింత యేమనగా, ఈ యేర్పాటుతోనే కొన్న బండ్ల యజమానులు కొందరు, టాపెట్లు అరుగునను భయముచే, దానిని పనిచేయనీయని చిన్న పరికరములను కొని తగిలించుకొనుచున్నారు.