నూనె లేని తాలింపు ఎలా నేర్పాలి?
ప్రశ్న: పాలు, నెయ్యి కూడా లేని సంపూర్ణ శాకాహార వంటను కాలనీ మహిళలకు నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ధాన్యాలు, పప్పులు, కూరగాయలు, పండ్లు, గింజలను వీలైనంత సహజ రూపంలో తినడమే ఈ పద్ధతి. మైదా, పంచదార, రిఫైన్డ్ నూనెలకు ఇందులో చోటు లేదు. కాబట్టి బజారు మిక్చర్ శాకాహారమే అయినా దీని కిందికి రాదు.

నేర్పడం పొయ్యి దగ్గరే మొదలవ్వాలి. ఎక్కువమంది సందేహం తాలింపు గురించే. మందపాటి మూకుడు వేడెక్కాక ఆవాలు, జీలకర్ర పొడిగానే వేసి సన్నసెగ మీద కదిపితే చిటపటలాడతాయి. తర్వాత ఉల్లిపాయ, కరివేపాకు వేసి, అడుగంటబోయే ముందు కాసిని నీళ్లు చల్లాలి. వేయించి దంచిన నువ్వుల పొడితో కూరకు చిక్కదనం, కమ్మదనం రెండూ వస్తాయి. ఇక చిరుధాన్యాల విషయానికొస్తే, కొర్రలు ఆరేడు గంటలు నానాలి. నానబెట్టకుండా వండి, అన్నం గట్టిగా ఉందని చిరుధాన్యాలనే మానేసేవారు చాలామంది.

జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు జరిపే పాత పంటల జాతర ఉద్దేశం వంట నేర్పడం కాదు. అయినా విత్తనాలను బండ్లపై ఊరూరా తిప్పి చూపే ఆ తీరు ఇలాంటి బోధనకు చక్కటి నమూనా.

ఒక విషయం తప్పక చెప్పాలి. మొక్కల ఆహారంలో నమ్మదగిన మోతాదులో బి12 దొరకదు. పెద్దలకు రోజుకు సుమారు 2 మైక్రోగ్రాములు అవసరం కనుక మాత్రగానో, బి12 చేర్చిన ఆహారంగానో తీసుకోవాలి. పప్పు, ఆకుకూరల్లోని ఇనుము ఒంటబట్టాలంటే నిమ్మరసం పిండుకోవాలి, భోజనం కాగానే టీ మానాలి. గర్భిణులు, మధుమేహానికి మందులు వాడేవారు ముందుగా వైద్యుల సలహా తీసుకోవాలి.