ధాన్యకటకపు శిలలు

నందిగామ సీమకు దక్షిణమున కృష్ణానది ప్రవహించుచున్నది. ఆ నది ఆవలి యొడ్డున అమరావతియు, దాని చెంతనే ధరణికోటయు కలవు. ధరణికోటయే ప్రాచీన ధాన్యకటకము. శాతవాహనుల కాలమున అది రాజధానియై వర్ధిల్లినది. అచ్చటి మహాచైత్యము బౌద్ధులకు పుణ్యక్షేత్రము. క్రీస్తుశకము ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగు సయితము ధాన్యకటకమును దర్శించెను.

నదికి ఈవలి మెట్టభూములలో పాలేటి సమీపమున జగ్గయ్యపేట కలదు. ఆ పట్టణము చేరువనున్న ధనంబోడు అను గుట్టపై సుమారు 31 అడుగుల వ్యాసము గల మరియొక స్తూపము వెలసినది. 2022 వరకు కృష్ణాజిల్లాలో నుండిన నందిగామ, జగ్గయ్యపేటలు నేడు ఎన్.టి.ఆర్. జిల్లాకు చెందినవి.

ఈ రెండు స్తూపములకును శోభ కూర్చినది ఒకే జాతి రాయి. కృష్ణకు ఇరుప్రక్కల లేత పచ్చని చాయ గల సున్నపురాయి విస్తారముగా లభించును. అది ఉలికి సులభముగా లొంగును. నునుపు చేసినచో నిగనిగలాడును. ఆంగ్లేయులు దానిని చలువరాయిగా భావించి ఆ శిల్పములకు ‘అమరావతి చలువరాళ్ళు’ అని పేరిడిరి. కాని ఈ రాయికి మరియొక గుణమును కలదు. బట్టీలో కాల్చినచో అది సున్నమగును. దాని కీర్తికి మొదటి గుణము, దాని నాశమునకు రెండవ గుణము హేతువులైనవి.

జగ్గయ్యపేట ఫలకములలో మాంధాతృచక్రవర్తి శిల్పము సుప్రసిద్ధము. చక్రవర్తి చేయి పైకెత్తి నిలిచియుండగా మేఘములనుండి నాణెములు వర్షించుచుండును. చుట్టును చక్రము, గజము, అశ్వము మున్నగు సప్తరత్నములు కానవచ్చును. క్రీస్తుపూర్వ కాలపు ఈ శిల్పము నేడు చెన్నపట్టణపు ప్రదర్శనశాలయందున్నది.

ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని ఇరువదవ పాలనాసంవత్సరమున, అనగా క్రీస్తుశకము మూడవ శతాబ్దమున, సిద్ధార్థుడను శిల్పి ఈ స్తూపపు తూర్పు వాకిట అయిదు ఆయకస్తంభములను నెలకొల్పెను. ఆ విషయము స్తంభములపైననే ప్రాకృతభాషలో చెక్కబడినది. రాజుల పేర్లు శాసనములందు తరచుగా కనబడును. ఉలి పట్టినవాని పేరు నిలుచుట అరుదు.

పదునెనిమిదవ శతాబ్దాంతమున ఈ ప్రాంతము వాసిరెడ్డి వేంకటాద్రినాయుని ఏలుబడిలో నుండెను. ఆయన దాతగా పేరొందిన జమీందారు. తండ్రియగు జగ్గయ్య పేరిట బేతవోలును పెంపొందించి జగ్గయ్యపేట గావించెను. చింతపల్లినుండి తన నివాసమును తరలించి, అమరేశ్వరుని సన్నిధిని అమరావతీ పట్టణమును నిర్మింపజేసెను. నూతన నగరమునకు ఇటుకలు, రాళ్ళు వలసివచ్చెను. సమీపమున దీపాలదిన్నె అను మట్టిదిబ్బ యుండెను. పనివారు దానిని త్రవ్వగా చెక్కడపు రాళ్ళు బయల్పడెను. అదియే మహాచైత్యమని ఎవరును ఎరుగరు. కొన్ని ఫలకములు కట్టడములలో ఇమిడిపోయెను. కొన్ని సున్నపుబట్టీల పాలయ్యెను. ఒక రాజధానిని కట్టు ఉత్సాహమున అంతకుముందరి రాజధాని వైభవము చెదరిపోయినది.

1797లో కర్నల్ మెకంజీ ఆ దిబ్బను చూచి దాని విలువను గుర్తించెను. 1816లో ఆయన మరల వచ్చుసరికి దిబ్బ నడుమ చెరువు త్రవ్వబడియుండెను. మిగిలిన శిల్పములకు ఆయన చిత్రములు గీయించెను. తరువాత మాయమైన పెక్కు ఫలకముల ఆకృతులు ఆ చిత్రముల వలననే నేడు తెలియుచున్నవి. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించిన శిల్పములు మదరాసు చేరి, 1859లో లండనుకు తరలింపబడెను. 120కి పైగా అమరావతి శిల్పములు నేడు బ్రిటిష్ ప్రదర్శనశాలయందున్నవి. 1880లో గవర్నరు ఉత్తరువుతో దిబ్బనంతయు తెరపించిరి. ఏ ఫలకము ఎచ్చట నుండెనో సరిగా వ్రాసియుంచనందున, మేలు తలపెట్టిన పనియు కీడుగా పరిణమించెను. పిమ్మట జేమ్స్ బర్జెస్ అమరావతిని, 1882లో జగ్గయ్యపేటను పరిశోధించి, ఆ రెండు స్తూపములను గూర్చి 1887లో గ్రంథము ప్రకటించెను. ఆయన వచ్చునాటికే జగ్గయ్యపేట ఫలకములలో పెక్కు కట్టడముల కొరకు తరలిపోయియుండెను.

నేడు అమరావతికేగు యాత్రికుడు స్తూపపు పునాదిని, పురావస్తు ప్రదర్శనశాలను, పంచారామములలో నొకటియగు అమరేశ్వరాలయమును, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహమును దర్శింపవచ్చును. 2015లో ఆంధ్రప్రదేశ్ నూతన రాజధానికి శంకుస్థాపన జరిగినపుడు ఆ పురాతన నామమే దానికి ఉంచబడినది.

జగ్గయ్యపేట పరిసరములలో నేడును సున్నపురాతిని కాల్చి సిమెంటు చేయు కర్మాగారములు పనిచేయుచున్నవి. ఇండ్లు కట్టుకొనక ఎవరికిని గడవదు; అందుకు రాయియు సున్నమును కావలసినవే. అయితే కట్టబోవువాడు మొదట తాను త్రవ్వుచున్న నేలను పరికింపవలెను. దుక్కిలోగాని, పునాదిలోగాని అక్షరములో, చెక్కడమో గల రాయి తగిలినచో దానిని కదలింపక పురావస్తుశాఖవారికి తెలుపుట పౌరధర్మము. ఉన్నచోటు తప్పిన శిల తన కథలో సగము కోల్పోవును. బట్టీ చేరిన శిల కథయే మిగులదు. సిద్ధార్థుని స్తంభములు ఆ బట్టీని తప్పించుకొన్నవి. అందుచేతనే పదునేడు వందల యేండ్లు గడచినను ఆ శిల్పి పేరు మనకు తెలియుచున్నది.